అశ్వారోహణ విద్యారంభము: పూర్వుల క్రమము



అశ్వశాస్త్రమనగానే మనకు శాలిహోత్రుని నామము స్ఫురించును. తెనుగున మనుమంచి భట్టు హయలక్షణమును పద్యములలో రచించెను. చాళుక్య సోమేశ్వరుడు (1126-1138) మానసోల్లాసమున వాహ్యాళి వినోదమును వర్ణించెను. అయినను ఇట్టి గ్రంథములలో సుడులు, వర్ణములు, చికిత్సలు విస్తారము. తొలిసారి జీనెక్కు బాలునకేమి నేర్పవలెనను విషయము స్వల్పము. కౌటిల్యుడు అశ్వాధ్యక్ష ప్రకరణమున వల్గనము, నీచైర్గతము, లంఘనము మొదలగు గతులను విభజించెను. అమరసింహుడు ఆస్కందితాదులగు ఐదు ధారలను బేర్కొనెను. ఇదియంతయు గుఱ్ఱమునకు జదువు. రౌతునకు జదువేది?

అది యవనదేశీయుడగు జెనోఫోన్ గ్రంథమున గలదు. క్రీ.పూ. 4వ శతాబ్దమునాటి యీ సేనాని యెఱిగిన గుఱ్ఱమునకు అంకవన్నెలు, అనగా రికాబులు, లేవు. వట్టి వీపుపైనో గుడ్డపైనో కూర్చుండవలసినదే. రౌతు కుర్చీపై గూర్చున్నట్లుగాక కాళ్లెడముగా నిలిచినవానివలె నుండవలెననియు, మోకాలి క్రిందిభాగము వదులుగా వ్రేలాడవలెననియు నతడు విధించెను. కాలు బిగిసియున్నచో దేనికైన దగిలినపుడు విఱుగును. వదులుగానున్నచో తొడ కదలకయే వెనుకకు మరలును. కోపముతో గుఱ్ఱమును సమీపింపరాదనియు నతడే చెప్పెను. ఈ మాటను బడిపంతుళ్లు శిష్యుల యెడలను బాటింపదగును!

క్రీ.శ. 4వ శతాబ్దమున చీనాలో జోడు రికాబులు వాడుకలోనికి వచ్చినవి; క్రమముగా లోకమంతట వ్యాపించినవి. యుద్ధమున కవి మహోపకారము. నేర్చువానికి మాత్రము కొంత చెఱుపు. క్రొత్తవాడు రికాబులపై నిలిచి, వాగెలు లాగి పట్టుకొని, తూలుట మాన్పుకొనజూచును. ఆ వాగెల కొన గుఱ్ఱము నోట నినుమైయున్నదని వానికి దోపదు. గుఱ్ఱము బాధచే దల విదిల్చును; వాడు భయమున మఱింత లాగును; తుదకు నేలబడును. గుఱ్ఱము పొగరుబోతని చూపరులందురు.

వియన్నా నగరమందలి స్పానిష్ అశ్వవిద్యాలయము 16వ శతాబ్దమున నేర్పడినది. 1735లో బూర్తియైన మందిరమున నేటికిని నభ్యాసము సాగుచున్నది. అచ్చట క్రొత్త శిష్యునకు వాగెలును రికాబులును ఈయరు. గురువు పొడవైన త్రాటితో గుఱ్ఱమును మండలాకారముగా ద్రిప్పుచుండ, శిష్యుడు నెలలతరబడి యాసనమునే యభ్యసించును. ఆరితేరిన పెద్ద గుఱ్ఱముల పైననే బాలుర విద్యారంభము. బాలుడును క్రొత్త గుఱ్ఱమును ఒకరినొకరు బోధించుకొనుట యెట్లు పొసగును? నా యభిప్రాయమున ఈ పద్ధతి సర్వోత్తమము.

నేడు ఎన్.సి.సి. అశ్వదళములందును, నగరములందలి స్వారీ శాలలందును బాలురేగాక బాలికలును ఈ విద్య నేర్చుచున్నారు. అందుకు ధనసహాయము చేయదలచు పోషకులకు నొక మనవి. వేగము గల పడుచు గుఱ్ఱమును గొనుటకు దొందరపడవలదు. ముందుగా నెమ్మది గల పాత గుఱ్ఱమును, మెత్తని నేలను, పొడవైన త్రాటిని, ఓర్పుగల యొక యుపాధ్యాయుని సమకూర్చుడు. వాగెలు పిమ్మట నీయవచ్చును.