గొడుగు కింద ఏడుగురు

1989 అక్టోబరు 1 మధ్యాహ్నం పన్నెండింటికి లోకమంతటా 43 మంది ఆడవాళ్లు ఒకేసారి ప్రసవించారు. ఆ పొద్దున లేచేసరికి వాళ్లలో ఒక్కరికీ కడుపు లేదు. రెజినాల్డ్ హార్‌గ్రీవ్స్ అనే కోటీశ్వరుడు దేశాలన్నీ తిరిగి, తల్లుల చేతిలో డబ్బు పెట్టి, దొరికినంతమంది పిల్లల్ని తెచ్చుకున్నాడు. ఏడుగురు దొరికారు. వాళ్లకు పేర్లు పెట్టే ఓపిక కూడా లేక ఒకటి నుంచి ఏడు వరకు నంబర్లు వేశాడు. మన ఇళ్లలోనూ పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని పిలుస్తాం కానీ, బారసాల మానేసి కాదు కదా!

'ది అంబ్రెల్లా అకాడమీ' అనే సూపర్‌హీరో కథకు ఇదీ మొదలు. 2019 ఫిబ్రవరి 15న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చిన ఈ సిరీస్ 2024 ఆగస్టు 8న నాలుగో సీజన్‌తో ముగిసింది. మొత్తం 36 ఎపిసోడ్లు. ఆఖరిది అయిపోగానే మా అమ్మాయి రిమోట్ సోఫాలోకి విసిరేసి, "ఇన్నేళ్లు చూసింది దీనికా నాన్నా?" అంది. దాని కోపంలో న్యాయం ఉంది. కానీ అది తిట్టుకుంటున్న ఆ ముగింపు కొత్తదేం కాదు. దానికి 1968లో ఒక తాత ఉన్నాడు. ఆ తాతకూ ఈ మనవడికీ పోలిక ఎంత, తేడా ఎక్కడ అన్నది చెప్పాలంటే ముందు వంశవృక్షం తీయాలి.

నాకు ఈ కామిక్స్ పిచ్చి అంటుకున్నది హైదరాబాద్‌లో, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పరిచే పాత పుస్తకాల్లో. అట్టలు చిరిగి, పిన్నులు తుప్పు పట్టి, ఎవరో పిల్లాడు బాల్‌పెన్నుతో మీసాలు గీసిన అమెరికన్ కామిక్స్. ఏడో సంచిక దొరికితే ఎనిమిదోది దొరికేది కాదు. విలన్ గొంతు పట్టుకున్నచోట కథ ఆగిపోతే, తరవాత ఏమై ఉంటుందో మనమే అల్లుకోవాలి. అందుకే సూపర్‌హీరో కథకు ముగింపు ఉంటుందన్న సంగతే చాలాకాలం నా బుర్రకెక్కలేదు. నిజానికి వాటిని అమ్మేవాళ్లకూ ఆ ఉద్దేశం లేదు. నెలనెలా సరుకు అమ్ముడుపోవాలి కాబట్టి ఎవరూ చావకూడదు, పోయినా పోయినట్టుండకూడదు.

సూపర్‌హీరోలను ఒక కుటుంబంగా చూపడం 1945లో 'మార్వెల్ ఫ్యామిలీ' నాటికే ఉంది. అయితే అది పండగ రోజు తీయించుకున్న ఫొటోలాంటి కుటుంబం. అందరూ నవ్వుతూనే ఉంటారు. 1961 నవంబరు తేదీతో వచ్చిన 'ఫెంటాస్టిక్ ఫోర్' మొదటి సంచికలో స్టాన్ లీ, జాక్ కిర్బీ ఆ నవ్వు తీసేశారు. ఒక శాస్త్రవేత్త, అతను పెళ్లాడబోయే అమ్మాయి, ఆమె తమ్ముడు, ఒక పాత స్నేహితుడు. పొద్దస్తమానం కీచులాటే. ఒకడు రాతిమనిషైపోయానని ఏడుస్తాడు, ఇంకొకడు అలిగి ఇల్లు వదిలిపోతాడు. తొమ్మిదో సంచికకల్లా డబ్బులైపోయి దివాలా తీస్తారు. అప్పులవాళ్లకు భయపడే సూపర్‌హీరోలను చూసి పాఠకులు మన ఇంటివాళ్లే అనుకున్నారు.

1963లో సూపర్‌హీరో కుటుంబానికి బయటివాడు పెద్దదిక్కయ్యాడు. ఆ ఏడాది జూన్ తేదీతో డీసీ వాళ్ల 'డూమ్ పెట్రోల్', సెప్టెంబరు తేదీతో మార్వెల్ వాళ్ల 'ఎక్స్-మెన్' వచ్చాయి. రెండింటిలోనూ చక్రాల కుర్చీలో కూర్చున్న మేధావి ఒకడు, లోకం వెలివేసినవాళ్లను చేరదీసి, తిండిపెట్టి, తర్ఫీదు ఇచ్చి యుద్ధాలకు పంపుతాడు. ఎవరు ఎవర్ని చూసి రాశారన్న తగాదా నేటికీ తెగలేదు, దాని జోలికి నేను పోను. ఎక్స్-మెన్ ఎక్కడికి చేరిందో అందరికీ తెలుసు. డూమ్ పెట్రోల్ మాత్రం అమ్మకాలు పడిపోయి, 1968 సెప్టెంబరు-అక్టోబరు తేదీతో వచ్చిన 121వ సంచికతో ఆగిపోయింది.

ఆ సంచికే నేను చెప్పిన తాత. శత్రువు వాళ్లను ఒక దీవి మీద బంధించి బేరం పెడతాడు: మీరు నలుగురూ చస్తారా, లేక ఎక్కడో ఉన్న ఒక చిన్న చేపలపల్లెను పేల్చేయమంటారా? ఆ ఊళ్లో ఉన్నది 14 మంది. వీళ్ల ముఖం వాళ్లెప్పుడూ చూడలేదు, వాళ్ల పేర్లు వీళ్లకు తెలియవు. నలుగురూ ఒక్కమాటగా మమ్మల్నే చంపుకోమంటారు. దీవి పేలిపోతుంది. రచయిత ఆర్నాల్డ్ డ్రేక్ నిజంగానే చంపేశాడు. ఒక పత్రిక మూతపడుతూ తన హీరోలందర్నీ వెంట తీసుకుపోవడం అంతకుముందు లేదు. తరవాతి దశాబ్దాల్లో ఒక్కొక్కర్నీ ఏదో సాకుతో బతికించుకున్నారనుకోండి, అది వేరే సంగతి.

1989 నుంచి గ్రాంట్ మారిసన్ అనే స్కాట్లండ్ రచయిత అదే డూమ్ పెట్రోల్‌ను చేతిలోకి తీసుకున్నాడు. పోతూపోతూ ఒక బాంబు పెట్టాడు: వీళ్లను వికలాంగుల్ని చేసిన ప్రమాదాలు ప్రమాదాలు కావు, చేరదీసిన ఆ పెద్దమనిషే వాటిని చేయించాడు. పెంచినవాడే ముంచినవాడు. అంబ్రెల్లా అకాడమీ పుట్టింది ఈ ఒక్క మలుపులోంచే అని నా నమ్మకం.

దాన్ని రాసిన గెరార్డ్ వే ఎవరో కాదు, 'మై కెమికల్ రొమాన్స్' అనే రాక్ బృందంలో పాడేవాడు. న్యూయార్క్‌లో బొమ్మల చదువు చదివి, తరవాత పాటల్లోకి వెళ్లినవాడు. ఆ బృందం పేరు మోగిపోతున్న రోజుల్లో, 2007లో, డార్క్ హార్స్ సంస్థ ఆ కామిక్ మొదటి భాగాన్ని తెచ్చింది. బొమ్మలు వేసింది బ్రెజిల్‌కు చెందిన గాబ్రియెల్ బా. 2008లో ఐస్నర్ అవార్డు వచ్చింది. పాటగాడు సరదాకి రాశాడులే అనుకున్నవాళ్ల నోళ్లు మూతపడ్డాయి. మారిసన్ అప్పు తీర్చుకున్నట్టు 2016లో వే డూమ్ పెట్రోల్ కూడా రాశాడు. ఇంకో తమాషా ఉంది. డూమ్ పెట్రోల్ టీవీ సిరీస్, అంబ్రెల్లా అకాడమీ సిరీస్ మొదలైంది ఒకే రోజున.

కామిక్‌ను సినిమా తీద్దామని యూనివర్సల్ వాళ్లు ఏళ్లతరబడి చేతిలో పెట్టుకుని కూర్చున్నారు. చివరికి 2017లో నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌గా ఒప్పుకుంది. స్టీవ్ బ్లాక్‌మన్ నడిపించాడు. కెనడాలోని టొరంటో, హామిల్టన్ నగరాల్లో తీశారు.

మొదటి ఎపిసోడ్ నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. తండ్రి పోయాడు. చెట్టుకొకరు పుట్టకొకరైన పిల్లలు పాత బంగళాకు చేరారు. ఏడుపన్నది ఎవరికీ రాదు. పెరట్లో అస్థికలు కలిపే దగ్గర ఒకటో నంబరు లూథర్, రెండో నంబరు డియేగో కలబడి, చిన్నప్పుడే చనిపోయిన తమ్ముడు బెన్ విగ్రహాన్ని పడగొట్టారు. పెద్దాయన దినాలకు వచ్చి పదకొండో రోజున వాకిట్లో చొక్కాలు పట్టుకునే అన్నదమ్ముల్ని చూడని తెలుగువాడు ఉంటాడా? అంతకుముందే లూథర్ తన పాత గదిలో ఒక రికార్డు పెడతాడు. 1987లో టిఫనీ పాడి ఊపేసిన పాట. ఎవరి గదిలో వాళ్లు, ఒకరినొకరు చూసుకోకుండా, ఒకే పాటకు గంతులేస్తారు. కెమెరా వెనక్కి జరిగి, గోడ కోసేసిన బొమ్మరిల్లులా ఆ ఇంటినంతా ఒక్కసారి చూపిస్తుంది. ఒక్క మాట లేకుండా ఆ కుటుంబం ఏమిటో తేలిపోయింది.

అంతకంటే నన్ను కుదిపింది ఇంకోటి. తండ్రి మాట జవదాటని లూథర్‌ను ఆయన చంద్రుడి మీదకు పంపాడు. నాలుగేళ్లు అక్కడ ఒంటరిగా ఉండి, మట్టి నమూనాలు, నివేదికలు పంపిస్తూనే ఉన్నాడు. లోకానికి పనికొచ్చే పని చేస్తున్నాననుకున్నాడు. తండ్రి పోయాక ఇంట్లో చెక్కల కింద ఆ ప్యాకెట్లన్నీ బయటపడ్డాయి. ఒక్కటీ విప్పలేదు. సీలు వేసింది వేసినట్టే ఉంది. ఏ రాక్షసుడూ అంత నీచమైన దెబ్బ కొట్టలేడు.

ఏడో నంబరు కథ కూడా అంతే. నీకు ఏ శక్తీ లేదు, నువ్వు మామూలుదానివి అని పెంచారు. మాత్రలు మింగించారు. అసలు అందరికంటే ఎక్కువ శక్తి ఆ పిల్లదే. దాన్ని చూసి జడిసిన తండ్రి శబ్దం చొరని గదిలో పెట్టి తాళం వేశాడు, తోబుట్టువు ఆలిసన్ చేత 'నేను మామూలుదాన్ని' అని నమ్మించాడు. మొదటి సీజన్‌లో ప్రళయం వచ్చేది బయటినుంచి కాదు, ఆ గదిలోంచి. ఆ పాత్ర వేసిన ఎలియట్ పేజ్ 2020 డిసెంబరులో తాను ట్రాన్స్ అని లోకానికి చెప్పుకుంటే, మూడో సీజన్‌లో పాత్ర కూడా విక్టర్ అయింది. జుట్టు కత్తిరించుకుని వచ్చి నా పేరు ఇదీ అంటే, ఇంట్లోవాళ్లు సరేనని పనిలో పడిపోతారు. ఉపన్యాసం లేదు. ఆ సీజన్‌లో బాగున్నది అదొక్కటే అన్నా నాకు అభ్యంతరం లేదు.

రెండో సీజన్ నా లెక్కలో అన్నిటికంటే మేలు. పిల్లలంతా 1960ల డాలస్‌లో, కెనెడీ హత్యకు ముందటి ఏళ్లలో తలా ఒక సమయంలో పడతారు. నల్లజాతి అమ్మాయి ఆలిసన్ తెల్లవాళ్లకు మాత్రమే అని బోర్డున్న హోటల్లో తోటి నల్లవాళ్లతో కలిసి సత్యాగ్రహానికి కూర్చుంటుంది. 1960లో గ్రీన్స్‌బరోలో నలుగురు విద్యార్థులు మొదలుపెట్టిన పోరాటం నీడ అది. మాటతో ఎవర్నైనా లొంగదీయగల మనిషి, ఆ శక్తి వాడకుండా దెబ్బలకు సిద్ధపడి కూర్చోవడంలో ఉన్న బరువు మూడో సీజన్ రాసినవాళ్లు మరిచిపోయారు.

ఇక నాలుగోది. పది ఎపిసోడ్ల కథను ఆరింటిలో కుక్కారు. శక్తులు పోయి సంసారాలు చేసుకుంటున్న పిల్లలకు మళ్లీ శక్తులొచ్చాయి. లైలా అని ఒక పాత్ర ఉంది, లండన్‌లో పుట్టిన భారతీయుల బిడ్డ, వేసింది రితూ ఆర్యా. ఆమె తల్లిదండ్రుల్ని చంపినవాడు అయిదో నంబరు. ఇప్పుడామె డియేగో భార్య, ముగ్గురు పిల్లల తల్లి. కాలంలో దారితప్పి ఏళ్లు గడిపారన్న వంకతో ఆమెకూ అయిదో నంబరుకూ ప్రేమ అంటగట్టారు. వాడు డియేగోకు తమ్ముడు. అమ్మానాన్నల రక్తం గురించి ఎవరూ ఒక్కమాట ఎత్తరు. మా అమ్మాయి రిమోట్ విసిరింది సగం దీనికే.

ముగింపులో తేల్చింది ఏమిటంటే, ప్రళయాలన్నిటికీ కారణం ఈ పిల్లలు పుట్టడమే. వాళ్ల ఒంట్లో ఉన్న బంగారు రేణువులు లోకంలో ఉన్నంతకాలం లోకం నిలవదు. అందుకని తోబుట్టువులంతా చేతులు పట్టుకుని మాయమైపోతారు. కాలం సర్దుకుంటుంది. వాళ్లు ఉన్నారన్న జ్ఞాపకం కూడా ఎవరికీ మిగలదు.

1968లో చనిపోయినవాళ్లు వేరు. ఆ నలుగురి ముందు రెండు దారులున్నాయి, ఒకటి ఎంచుకున్నారు. 14 మంది బతికారు, ఎవరివల్ల బతికారో వాళ్లకు తెలుసు. ఇక్కడ పిల్లలు ఎంచుకున్నదేముంది? నువ్వు పుట్టకుండా ఉండాల్సిందని తండ్రి జీవితమంతా చెప్పాడు. మూడు సీజన్లపాటు ఆ మాట అబద్ధమని రుజువు చేస్తూ వచ్చిన సిరీస్, ఆఖరి గంటలో ఆయన చెప్పిందే నిజమని సంతకం పెట్టింది. వాళ్లు చనిపోయినందుకు నాకు బాధ లేదు, చనిపోయే హీరోలను నేను గౌరవిస్తాను. తప్పు చేసిన ముసలాయనను బోనెక్కించకుండా శిక్ష పిల్లలకు వేయడం మాత్రం అన్యాయం.

గెరార్డ్ వే తన కామిక్‌లో ఆ పని చేయలేదు. 2019లో ముగిసిన మూడో భాగం 'హోటల్ ఒబ్లివియన్' చివర్లో కథ తెగకుండా కొత్త మలుపు తిరిగింది. సిరీస్ చూడనివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే నా మాట వినండి. మొదటి రెండు సీజన్లు, ఇరవై ఎపిసోడ్లు, నిదానంగా చూడండి. మూడోది తీరికుంటే చూడండి. నాలుగోది వదిలేసి, ఆ డబ్బుతో కామిక్ కొనుక్కోండి.