తులం అంటే ఎంత?

కాఫీ కోసం కొన్నాను దీన్ని. అరచేతిలో ఇమిడే నల్లటి డబ్బా, పైన స్టీలు పలక, గ్రాములో నూరో వంతు దాకా చూపించే అంకెలు. 15 గ్రాముల పొడి, 240 గ్రాముల నీళ్ళు. మొదటి వారమంతా అదే పని. తర్వాత పని కల్పించుకుని మరీ తూచడం మొదలుపెట్టాను. బ్రెడ్డులోకి 3 గ్రాముల ఈస్టు. స్వెటర్ అల్లే స్నేహితురాలికి ఉండలో ఇంకెంత ఊలు మిగిలిందో. పోస్టులో వేసే ఉత్తరం 20 గ్రాములు దాటిందో లేదో, దాటితే ఇంకో స్టాంపు అంటించాలి కదా.

పోయిన బతుకమ్మకి ఊరెళ్ళినప్పుడు ఇది కూడా బ్యాగులో ఉంది. నానమ్మ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "బంగారం గూడ జోకుతదా ఇది?" అని అడిగింది.

ఆవిడ ఊరికే అడగలేదు. మా ఇంట్లో 1994 నుంచి నడుస్తున్న ఒక కథ ఉంది. ఆ ఏడు పత్తి అమ్మిన డబ్బుతో నానమ్మ మూడు తులాల గొలుసు చేయించుకుంది. చేసినాయన మా వీధి చివర ఉండే కంసాలి, తాతయ్యకి చిన్నప్పటి నుంచీ తెలిసిన మనిషి. గొలుసు ఇంటికొచ్చాక తాతయ్య సందూకలోంచి మూడు పాత వెండి రూపాయలు తీసి, కిరాణా కొట్టుకి వెళ్ళి, తక్కెడలో ఒకవైపు రూపాయలు, ఇంకోవైపు గొలుసు వేశాడు. రూపాయల పళ్ళెం కిందికి దిగింది. అంతే. ఆ రోజు నుంచి ఆ ఇంటికీ మా ఇంటికీ మాటల్లేవు. "నమ్మినందుకు నడిబజార్ల నెత్తిన చెయ్యి పెట్టిండు" అని తాతయ్య పోయేదాకా అంటూనే ఉన్నాడు. నేను ఆ మాట వింటూనే పెరిగాను.

తాతయ్య రూపాయలతోనే ఎందుకు తూచాడు? ఈ ప్రశ్న నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు.

బంగారం తూకానికి మనవాళ్ళు మొదట నమ్ముకున్నది గింజని. గురివింద గింజ, ఉత్తరాది వాళ్ళ రత్తీ. ఎర్రగా మెరుస్తూ, ఒక కొనన నల్లమచ్చతో ఉంటుంది. ఎండినా అంతగా తరగదు, ఏ కంచె మీదైనా ఉచితంగా దొరుకుతుంది, కొన్నవాడూ అమ్మినవాడూ ఇద్దరూ ఎరిగినదే. 96 గురివిందలు ఒక తులం అన్నది పాత లెక్క. మా పెరటి కంచె మీద 20 గింజలు ఏరి తూచాను. అన్నీ కలిపి 2.15 గ్రాములు. విడిగా తూస్తే ఒకటి 0.08 చూపించింది, ఇంకొకటి 0.13. అంటే ఏ గింజలు ఏరుకున్నామన్నదాన్ని బట్టే తులం పెరుగుతుంది, తరుగుతుంది.

ఈ చిక్కు కొత్తది కాదు. నాలుగు వేల ఏళ్ళకి ముందే సింధు నాగరికత నగరాల్లో చెకుముకి జాతి రాతిని ఘనాలుగా అరగదీసి తూనికరాళ్ళు చేశారు. 0.86 గ్రాముల దగ్గర మొదలై రెట్టింపు, మళ్ళీ రెట్టింపు అవుతూ 13.6 గ్రాముల దాకా, ఆపైకీ వెళ్ళే వరస అది. ఊరూరికీ దూరం వందల మైళ్ళున్నా తూనిక ఒకటే. అర్థశాస్త్రం వచ్చేనాటికి తూనికలూ కొలతలూ చూసుకోవడానికి పౌతవాధ్యక్షుడనే అధికారినే పెట్టమన్నారు. గింజని నమ్మడం దగ్గర మొదలైన వ్యవహారం రాజ్యాన్ని నమ్మడం దాకా వచ్చిందన్నమాట.

తర్వాత ఆ నమ్మకం నాణెం మీదికి ఎక్కింది. 1835లో ఈస్టిండియా కంపెనీ తన పాలనలోని ప్రాంతాలన్నిటికీ ఒకే రూపాయి తెచ్చింది. దాని బరువు 180 గ్రెయిన్లు, ఇప్పటి లెక్కలో 11.66 గ్రాములు. తులం తూకమూ సరిగ్గా అంతే. ఇక వేరే రాయి ఎందుకు, జేబులో రూపాయి ఉంటే తులం ఉన్నట్టే. 80 తులాలు శేరు, 120 తులాలు వీసె. మా వైపు నిజాం పాలన కాబట్టి ఇక్కడ హాలీ సిక్కా నడిచేది, దాని బరువు ఓ అర గ్రాము తక్కువ. ఇంగ్లీషు రూపాయిని కల్దార్ అనేవాళ్ళు. తాతయ్య సందూకలో దాచినవి కల్దార్లే. ఆయన దృష్టిలో అవి డబ్బు కాదు, తూనికరాళ్ళు.

స్వాతంత్ర్యం వచ్చాక 1956లో తూనికల చట్టం చేశారు. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూకాలు దశలవారీగా బజారులోకి వచ్చాయి. శేరు పోయింది, వీసె పోయింది, మణుగు సామెతల్లోకి వెళ్ళిపోయింది. తులం మాత్రం పోలేదు. పేరు అలాగే ఉండి, లోపలి బరువు మారింది. లెక్క తేలిగ్గా ఉంటుందని దుకాణాల్లో తులమంటే 10 గ్రాములు అనడం అలవాటైపోయింది. ఇవాళ మా వైపు ఏ నగల కొట్టుకి వెళ్ళినా తులం అంటే అదే. 11.66 గుర్తున్న పెద్దవాళ్ళు అక్కడక్కడా ఉన్నారంతే.

ఇక్కడికి వచ్చాక నాకు భయం వేసింది. నాన్నని అడిగితే పాత కాగితాల డబ్బాలోంచి రసీదు వెతికి ఇచ్చాడు. అందులో చేత్తో రాసి ఉంది: గొలుసు, 3 తులాలు. పక్కన రేటు. ఆ రేటు మీద చిన్న అక్షరాల్లో 10 గ్రా. అని.

ముందు నా త్రాసు మాటేమిటో చూద్దామనుకున్నాను. పాతకాలపు తక్కెడలో రెండు పళ్ళేలూ కళ్ళముందే ఉంటాయి, ముల్లు ఎటు వాలిందో ఇద్దరికీ కనిపిస్తుంది. దీనిలో అదేమీ లేదు. పలక కింద చిన్న అల్యూమినియం కమ్మీ, దానికి అంటించిన సన్నటి లోహపు తీగ. బరువుకి కమ్మీ వంగితే తీగ సాగుతుంది, సాగితే కరెంటుకి దాని నిరోధం మారుతుంది, ఆ మార్పునే గ్రాముల్లో చూపిస్తుంది. 1938లో అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా కనిపెట్టిన ఉపాయం అది. పైగా ఇది ప్రభుత్వ ముద్ర లేని వస్తువు. దుకాణంలో వాడే కాటాకి ముద్ర తప్పనిసరి, దీనితో వ్యాపారం చెయ్యకూడదు. అందుకని 2011 నమూనా ఐదు రూపాయల బిళ్ళ పెట్టి చూశాను. దాని అసలు బరువు 6 గ్రాములు. 5.99 చూపించింది. తాతయ్యలాగే నేనూ చివరికి రూపాయినే సాక్ష్యం అడిగానని తర్వాత తోచింది.

నానమ్మ మెడలోంచి గొలుసు తీసి ఇచ్చింది. 29.91. దాదాపు ముప్పై ఏళ్ళు ఒంటి మీద అరిగిన గొలుసు అది. సందూకలోని మూడు కల్దార్లు పెడితే 34.82. తాతయ్య తక్కెడ అబద్ధం చెప్పలేదు. కంసాలి కూడా చెప్పలేదు. ఇద్దరూ వేరు వేరు తులాలతో తూచారు. మధ్యలో ఉన్న ఐదు గ్రాములు ఎవరూ తినలేదు, అసలు ఎన్నడూ లేవవి.

నేను రసీదు చూపించి, నెమ్మదిగా ఇదంతా చెప్పాను. నానమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "చెప్పిండు బిడ్డా. గిప్పుడు తులమంటే పది గ్రాములే అని ఆయన వాకిట్ల నిలబడి చెప్పిండు. తాత ఇనలే. నేను గూడ ఇనలే" అంది.

గురివింద గింజ తన కింది నలుపు ఎరగదని సామెత. చిన్నప్పుడు మా ఇంట్లో ఆ సామెతని ఆ కంసాలి మీదే వాడేవాళ్ళు.

ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆయన భార్య ఇంకా అదే ఇంట్లో ఉంటుంది. సద్దుల బతుకమ్మ నాటి మధ్యాహ్నం నానమ్మ స్టీలు గిన్నెలో సత్తుపిండి పెట్టుకుని, రసీదు కొంగున ముడేసుకుని వీధి చివరికి బయల్దేరింది. త్రాసు కూడా తీసుకెళ్తావా అని అడిగాను. "జోకింది చాలు" అంది. చీకటి పడ్డాక తిరిగొచ్చింది. ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు. గిన్నె మాత్రం ఖాళీగా రాలేదు, అందులో వాళ్ళింటి నువ్వుల ముద్దలు ఉన్నాయి.