పుట్టుకతోనే చిన్నవైన కన్నులు

బిడ్డ పుట్టినపుడే కనుగ్రుడ్డు మిక్కిలి చిన్నదై, ఱెప్పల మాటున కానవచ్చియు కానరానట్లుండుట అరుదుగా కలదు. దీనిని సూక్ష్మనేత్రత యనవచ్చును. మనవారు గ్రహణమనియు, పూర్వకర్మమనియు కారణములు చెప్పుచు వచ్చిరి. నింద మాత్రము తల్లికే దక్కినది.

పాశ్చాత్యులు చిరకాలము దీనిని వంశదోషమనిరి. ఆ నమ్మకమును కదల్చినది ఒక పంది యనిన మీకు నవ్వు రావచ్చును. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఫ్రెడ్ హేల్ అను పశుపోషణ శాస్త్రజ్ఞుడు ఒక ఆడుపందికి 'ఎ' విటమిను లేని మేత పెట్టించెను. అది ఈనిన 11 పిల్లలలో ఒక్కదానికైనను కనుగ్రుడ్లు లేవు. ఈ సంగతిని ఆయన 1933లో ప్రకటించెను. దోషము నెత్తుటిలో నున్నదా, మేతలో నున్నదా? అట్టి గ్రుడ్డిపందులనే జతపరచి, మంచి మేత పెట్టి చూడగా, పుట్టిన పిల్లలకు కన్నులు చక్కగా నుండెను.

పందుల మాట మనుష్యులకు చెల్లునా యని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. 1941లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున నార్మన్ గ్రెగ్ అను నేత్రవైద్యుడు, పుట్టుకతోనే శుక్లములు గల పసిబిడ్డలను వరుసగా చూచెను. వారిలో పెక్కుమంది కన్నులు చిన్నవి. అంత మంది ఒక్కసారిగా ఏల? ఆయన తల్లులను విచారించెను. అంతకుముందు 1940లో ఆ దేశమున రుబెల్లా జ్వరము ప్రబలియుండెను. ఇతర వైద్యులు చూచినవారితో కలిపి 78 మంది బిడ్డలలో 68 మంది తల్లులకు గర్భముతో నుండగా ఆ జ్వరము వచ్చినట్లు తేలెను. పెక్కురకు మొదటి రెండు నెలలలోనే. ఒంటిపై సన్నని దద్దులు, కొద్దిపాటి వేడి, మూడు నాళ్ళలో మాయము. అట్టి దానిని ఎవరు లెక్కింతురు? కాని గర్భమున కన్ను రూపుకట్టునది ఆ దినములందే. వైద్యలోకము కొంతకాలము సందేహించెను; దక్షిణ ఆస్ట్రేలియా వైద్యులు 1943లో మరల విచారించి ఆయన మాట నిజమని చూపిరి.

కొందరియందు బీజగతమైన దోషమే కారణమగుట కలదు. అదియును తల్లి చేసినది గాదు.

రుబెల్లా క్రిమిని 1962లో వేరుపరచిరి. 1969లో అమెరికాలో టీకా వచ్చెను. మన తెలుగు రాష్ట్రములు రెండింటను 2017లో, 9 నెలలు మొదలు 15 సంవత్సరములు నిండని పిల్లలకు తట్టు, రుబెల్లాలకు కలిపిన టీకా వేసిరి. గర్భిణులకు ఈ టీకా వేయరు; ఆడపిల్ల తల్లి కాకమునుపే అది పడియుండవలెను.