పాత కంప్యూటర్ల మరమ్మతు పనిముట్లు

పాత కంప్యూటర్ల మరమ్మతు పనిముట్లు అనగా సుమారు 1970ల నుండి 1990ల మధ్య వరకు తయారైన కంప్యూటర్లను పరీక్షించి, చెడిన భాగాలను తొలగించి, తిరిగి పనిచేయించడానికి వాడే సాధనాలు, ఉపకరణాలు. నేటి కంప్యూటరు చెడిపోతే సాధారణంగా బోర్డు మొత్తాన్ని మారుస్తారు. పాత కంప్యూటర్ల బోర్డులు ఇప్పుడు తయారు కావు కనుక ఒక్కొక్క చిప్పును, ఒక్కొక్క కెపాసిటరును విడిగా పరీక్షించి మార్చవలసి ఉంటుంది. చిప్పు పాడైతే మరొకటి వెదికి తెచ్చుకోవచ్చును, బోర్డు పాడైతే ఆ కంప్యూటరు కథ ముగిసినట్లే. పనిముట్ల ఎంపిక ముఖ్యంగా ఈ విషయంపైనే ఆధారపడి ఉంటుంది. వీటిలో చాలావరకు ఖరీదైనవి కావు. కర్నూలు జిల్లాలోని కోడుమూరు వంటి మండల కేంద్రంలో రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణంలో ఉండే సామగ్రి చాలా పనులకు సరిపోతుంది.

నేపథ్యం

తెలుగు ప్రాంతంలో కంప్యూటర్ల తయారీ హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్) తో మొదలయింది. అయ్యగారి సాంబశివరావు నాయకత్వంలో 1967లో ఏర్పడిన ఈ సంస్థ 1969లో టీడీసీ-12 ను, 1970ల మధ్యలో టీడీసీ-312, టీడీసీ-316 కంప్యూటర్లను వెలువరించింది. 1984-85లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన క్లాస్ పథకం ద్వారా దేశంలోని ఎంపిక చేసిన పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు చేరాయి. ఆ తరువాత ఐబీఎం పీసీ నమూనాలో తయారైన యంత్రాలు కార్యాలయాలకు, కళాశాలలకు, ప్రెస్సులకు వ్యాపించాయి.

ఈ యంత్రాలను బాగుచేయడం కేవలం పాతవస్తువుల మీది మక్కువ కాదు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగు పాఠ్యాన్ని ఇస్కీ సంకేతాలలోను, వివిధ డీటీపీ ఖతులలోను ఫ్లాపీలపై భద్రపరిచేవారు. ఐఐటీ కాన్పూరులో మొదలై పుణెలోని సీడాక్‌లో అభివృద్ధి చెందిన జిస్ట్ కార్డును కంప్యూటరు లోపల అమర్చితే డాస్‌లో తెలుగు కనిపించేది. కొన్ని ప్రోగ్రాములు ప్యారలల్ పోర్టుకు డాంగిల్ అనే చిన్న తాళం తగిలిస్తేనే తెరుచుకునేవి. అటువంటి ఫ్లాపీలలోని రాతను యథాతథంగా చూడడానికి ఆనాటి యంత్రమే సులువైన దారి.

ముందుగా బ్యాటరీ

యంత్రం పనిచేస్తున్నదా లేదా అని చూడడం కంటే ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. 286, 386, 486 మదర్‌బోర్డులలో చాలావాటిపై గడియారం నడవడానికి 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. నీలిరంగు పీపా ఆకారంలో ఉండే ఈ బ్యాటరీ ఏళ్ళు గడిచేకొద్దీ కారి, దానిలోని క్షారం బోర్డుపై ఉన్న రాగి గీతలను తినివేస్తుంది. యంత్రాన్ని వాడకుండా అటకపై పెట్టినా ఈ నష్టం ఆగదు. అందుచేత పాత మదర్‌బోర్డు చేతికి రాగానే బ్యాటరీని వైరు కట్టరుతో కత్తిరించి తీసివేయాలి. కారిన చోట ఆకుపచ్చని లేదా తెల్లని పొర కనిపిస్తుంది. దీనిని వెనిగరు లేదా నిమ్మరసంలో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, స్వేదనజలంతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. తెగిపోయిన గీతలను భూతద్దంతో గుర్తించి సన్నని ఎనామిల్ రాగితీగతో కలుపుతారు.

సీరీస్ బోర్డు

ఇండియాలో రేడియో మెకానిక్కులు తరతరాలుగా వాడుతున్న సీరీస్ బోర్డు ఈ పనికి కూడా అత్యంత ఉపయోగకరం. చెక్కపలకపై ఒక హోల్డరు, ఒక ప్లగ్ పాయింటు బిగించి, 60 లేదా 100 వాట్ల ఫిలమెంటు బల్బు గుండా పోయిన తరువాతే కరెంటు యంత్రానికి చేరేటట్లు కలుపుతారు. పవర్ సప్లైలో షార్టు ఉంటే బల్బు పూర్తి కాంతితో వెలుగుతుంది. 100 వాట్ల బల్బు అయితే 0.43 ఆంపియర్లకు మించి కరెంటు పోదు కాబట్టి ఫ్యూజు కాలదు, భాగాలు పేలవు. అంతా బాగుంటే బల్బు ఒక్కసారి మెరిసి మసకబారుతుంది. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. చల్లగా ఉన్నప్పుడు తక్కువగా, వేడెక్కినప్పుడు ఎక్కువగా ఉండే ఫిలమెంటు నిరోధమే ఇక్కడ కీలకం.

అయితే సీరీస్ బోర్డు యంత్రాన్ని కాపాడుతుందే గాని మనిషిని కాపాడదు. 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చినప్పుడు ప్రధాన కెపాసిటరులో సుమారు 325 వోల్టులు నిలుస్తాయి. ప్లగ్ తీసిన తరువాత కూడా కొంతసేపు అవి అలాగే ఉండవచ్చు. పవర్ సప్లై మూత తీసి పనిచేసేవారు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు వాడడం మంచిది. ఆసిలోస్కోపు ఎర్తు క్లిప్పును పవర్ సప్లై మెయిన్స్ వైపున తగిలిస్తే నేరుగా షార్టు అవుతుంది. అమెరికా నుండి తెచ్చిన యంత్రాల వెనుక ఉండే 115/230 మీటను తప్పనిసరిగా చూసుకోవాలి. మీట 115 వద్ద ఉండగా ఇక్కడి కరెంటు ఇస్తే కెపాసిటర్లు పేలిపోతాయి.

కొన్ని పాత పవర్ సప్లైలు లోడు లేకుండా సరిగా నడవవు. లోడుగా పెద్ద వాటేజి రెసిస్టరు గాని, 12 వోల్టుల మోటారుసైకిలు హెడ్‌లైటు బల్బు గాని తగిలించి, 5 వోల్టుల లైను 4.75 - 5.25 మధ్య ఉన్నదని నిర్ధారించుకున్న తరువాతే దానిని బోర్డుకు కలుపుతారు.

కొలిచే సాధనాలు

డిజిటల్ మల్టీమీటరు అన్నిటికంటె ఎక్కువగా వాడబడుతుంది. దాని తరువాతది లాజిక్ ప్రోబు. పెన్ను ఆకారంలో ఉండే ఈ సాధనం టీటీఎల్ చిప్పు కాలుపై 2 వోల్టులకు పైన ఉంటే ఒక దీపాన్ని, 0.8 వోల్టులకు కింద ఉంటే మరొక దీపాన్ని వెలిగిస్తుంది. క్లాకు ఆడుతున్నదా, రీసెట్ విడుదలైనదా అన్న రెండు ప్రశ్నలకు దీనితోనే సమాధానం దొరుకుతుంది. మొదటి ఐబీఎం పీసీ వేగం 4.77 మెగాహెర్ట్జ్, బీబీసీ మైక్రో వేగం 2 మెగాహెర్ట్జ్ మాత్రమే కనుక కళాశాల ప్రయోగశాలలలో కనిపించే 20 మెగాహెర్ట్జ్ ఆసిలోస్కోపు కూడా ఇటువంటి యంత్రాలకు సరిపోతుంది.

మెమొరీ చిప్పును అనుమానించినప్పుడు, అదే రకం మంచి చిప్పును దానిపై కాలుకు కాలు తగిలేటట్లు పెట్టి చూడడం ఒక పాత చిట్కా. ఇది ప్రతిసారీ ఫలించదు. 4116 రకం మెమొరీకి +12, +5, -5 వోల్టులు మూడూ అవసరం. -5 లేకుండా మిగిలినవి అందితే చిప్పులు పాడవుతాయి. అందువలన కొత్త చిప్పు పెట్టేముందు మూడింటినీ కొలవాలి.

టంకం పనిముట్లు

సన్నని మొనగల 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చిన్న పనులకు చాలును. ఉష్ణోగ్రతను నియంత్రించగల సోల్డరింగ్ స్టేషను ఉంటే మరీ మంచిది. పాత బోర్డులపై ఉన్నది తగరం, సీసం కలిసిన టంకము. 63/37 పాళ్ళలో ఇది 183 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. సీసం లేని టంకము కరగడానికి సుమారు 220 డిగ్రీలు కావాలి. అంత వేడికి పాత బోర్డుల రాగి గీతలు లేచిపోయే ప్రమాదం ఎక్కువ గనుక మరమ్మతుకు సీసపు టంకమే వాడతారు. పని ముగిసిన తరువాత చేతులు కడుక్కోవాలి.

అతికించడం కంటే ఊడదీయడమే కష్టం. పాత టంకముపై కొంచెం కొత్త టంకము చేర్చి కరిగించి, స్ప్రింగుతో పనిచేసే డీసోల్డరింగ్ పంపుతో లాగుతారు. మిగిలిన దానిని రాగి అల్లిక పట్టీతో పీలుస్తారు. చిప్పు చెడినదని రూఢి అయినప్పుడు దాని కాళ్ళను చిన్న కట్టరుతో కత్తిరించి, ఒక్కొక్క కాలును పట్టకారుతో తీసివేయడం శ్రేయస్కరం. చెడిన చిప్పును అఖండంగా తీయబోయి బోర్డును పాడుచేసుకోవడం అనుభవం లేనివారిలో సాధారణం. తీసిన చోట సాకెట్టు అమరిస్తే మరోసారి ఈ శ్రమ ఉండదు.

స్థిరవిద్యుత్తు, ఎర్తింగు

కర్నూలు, కడప జిల్లాలలో వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి గాలిలో తేమ బాగా తగ్గుతుంది. పొడిగాలిలో శరీరంపై స్థిరవిద్యుత్తు సులభంగా చేరుతుంది. సుమారు 3000 వోల్టులు ఉంటేగాని మనిషికి ఆ షాకు తెలియదు, కాని కొన్ని మాస్ రకపు చిప్పులు కొన్ని వందల వోల్టులకే చెడిపోతాయి. దీనికి విరుగుడు 1 మెగాఓము రెసిస్టరు గల మణికట్టు పట్టీ. ఈ పట్టీ చివరి కొసను ఎర్తుకు కలపాలి.

ఆ ఎర్తు నిజంగా ఉన్నదా అన్నది వేరే ప్రశ్న. ప్లగ్ పాయింటులో మూడవ రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్తింగు ఉన్నట్లు కాదు. ఎర్తు గుంతలో బొగ్గు, ఉప్పు వేసి నీరు పోయడం మన పద్ధతి. నల్లరేగడి నేలలు ఎండి నెర్రెలిచ్చే నెలల్లో నీరు పోయకపోతే గుంత నిరోధం పెరిగిపోతుంది. పట్టీ కొనడం కంటే ముందు గుంతలో రెండు బిందెల నీరు పోయడం మేలు.

ఈప్రాములు, ఫ్లాపీలు

పాత యంత్రాల మూల ప్రోగ్రాము తరచుగా 2764, 27128 వంటి ఈప్రాము చిప్పులలో ఉంటుంది. నడుమ గాజు కిటికీ గల ఈ చిప్పులలోని సమాచారం అతినీలలోహిత కిరణాలకు చెరిగిపోతుంది. కిటికీపై అంటించిన కాగితం ఊడితే వెంటనే మరొకటి అంటించాలి. నేరుగా ఎండలో ఉంచితే వారం రోజులలోనే సమాచారం పోవచ్చు. యూఎస్‌బీ ద్వారా పనిచేసే ప్రోగ్రామరుతో లోపలి సమాచారాన్ని ముందుగానే నకలు తీసుకోవాలి.

ఫ్లాపీ డ్రైవు హెడ్డును దూది పుల్ల, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడుస్తారు. రాయలసీమలో దుమ్ము, కోస్తాలో బూజు ఫ్లాపీలకు ప్రధాన శత్రువులు. బూజు పట్టిన ఫ్లాపీని శుభ్రం చేయకుండా డ్రైవులో పెడితే హెడ్డు మురికిపట్టి తరువాతి ఫ్లాపీలు కూడా గీసుకుపోతాయి. క్రయోఫ్లక్స్, గ్రీజ్‌వీజిల్ వంటి పరికరాలు ఫ్లాపీపై ఉన్న అయస్కాంత మార్పులను ఉన్నవి ఉన్నట్లుగా చదివి నేటి కంప్యూటరులోకి తెస్తాయి.

పిక్చర్ ట్యూబు

పాత మానిటరులోని పిక్చర్ ట్యూబు యానోడు వద్ద 10,000 నుండి 25,000 వోల్టుల వరకు ఉంటాయి. ట్యూబు చుట్టూ ఉన్న లోహపు తీగకు కలిపిన వైరును, మంచి పిడిగల స్క్రూడ్రైవరుకు చుట్టి, రబ్బరు టోపీ కిందికి జొనిపి, ఒంటిచేత్తో డిశ్చార్జి చేస్తారు. ఈ ఒక్క పనిని పుస్తకం చదివి చేయరాదు, టీవీ మెకానిక్కు వద్ద చూసి నేర్చుకోవాలి.

విడిభాగాలు దొరికే చోట్లు

హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ వీధి, బెంగళూరు ఎస్.పి. రోడ్డు ఎలక్ట్రానిక్ విడిభాగాలకు పేరుపొందిన బజార్లు. 74 శ్రేణి చిప్పులు, కెపాసిటర్లు, సాకెట్లు వంటి సాధారణ భాగాలను ఇటువంటి చోట్ల వెదకవచ్చు. తయారీ ఆగిపోయిన మెమొరీ చిప్పులకు మాత్రం తుక్కుగా అమ్మిన పాత బోర్డులే ఆధారం. అందుకే అనుభవజ్ఞులు పూర్తిగా చెడిన బోర్డును కూడా పారవేయరు.