మేడ మీద కాపురాలు, కింద కొట్లు

అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్ర రాజధాని ప్రావిడెన్స్‌లో 1828లో ఒక అంగడి కట్టారు. దాని పేరు ఆర్కేడ్. రూపకర్తలు రస్సెల్ వారెన్, జేమ్స్ బక్లిన్. రెండు వీధులను కలుపుతూ మూడంతస్తుల భవనం. మధ్యలో నడవ, ఇరుపక్కలా చిన్న చిన్న కొట్లు, పైన అద్దాల కప్పు. రెండు చివరలా పెద్ద గ్రానైటు స్తంభాలే గానీ, పైభాగం ఒకవైపు త్రికోణంగా, రెండోవైపు మెట్లుమెట్లుగా ఉంటుంది. ఇద్దరూ చెరో ముఖం గీశారని చెబుతారు.

అందం బాగానే ఉంది, వ్యాపారమే సాగలేదు. బేరానికి వచ్చినవాళ్లు మెట్లెక్కరు. మన ఊళ్లోనూ అంతే కదా, పైఅంతస్తు కొట్టు అద్దెకు పోదు. 1944లో కూల్చివేత అంచుదాకా వెళ్లి బయటపడింది. 1976లో జాతీయ చారిత్రక కట్టడమైంది. గుర్తింపు వచ్చినంత మాత్రాన అద్దెలు రావు. 2008లో మూతపడింది.

2013లో మళ్లీ తెరిచారు. కింద కొట్లను ఉంచి, పై రెండంతస్తుల్లో 48 చిన్న ఇళ్లు చేశారు. చిన్నవి సుమారు 225 చదరపు అడుగులే. ఇంజనీరుగా నాకు నచ్చింది ఇక్కడే. కొట్ల ముందున్న వసారానే ఇళ్లకు నడక దారి అయింది, అద్దాల కప్పు వెలుతురు ఇస్తోంది. కష్టమంతా గొట్టాలది: కొట్ల కోసం కట్టినచోట 48 స్నానాల గదులు! ఇళ్లలో పొయ్యి లేదు, మైక్రోవేవ్‌తో సరి. పోపు పెట్టుకోలేని ఇంట్లో మా ఆవిడ ఒక్క పూట ఉండదు.

ఇదంతా ఎందుకంటే, మన బడి పెంకుల బ్లాకు కూల్చి కొత్తది కట్టాలన్న ప్రతిపాదన సంఘం ముందుంది. కొత్త గదులు కావలసిందే, కాదనను. కానీ పాత గోడల మీద బరువు వేయకుండా, విడి పునాదులతో స్తంభాలు లేపి పక్కన పెంచుకోవచ్చు. పాతా కొత్తా ఒకే తీరున కుంగవు కనుక మధ్య సందు వదలాలి. సున్నం గోడకు సిమెంటు పూత పూయకూడదు. తేమ బయటికి పోక లోపలే నిలిచి గోడను తినేస్తుంది. మరమ్మతు కూడా సున్నంతోనే చేయాలి.

కూల్చాలో వద్దో తేల్చేముందు పునాది, దూలాలు పరీక్షించి ఖర్చు లెక్క వేయాలి. కొలతలు, నక్షలు నేను చూసుకుంటాను. ఆ బ్లాకు పాత ఫోటోలు ఎవరి దగ్గరున్నా, ముఖ్యంగా దూలాలు కనిపించేవి, సంఘం కార్యదర్శికి అందజేయండి.