రద్దీ వేళకు దూరంగా: మన నగరంలో రాకపోకల కథ

ప్రత్యేక సంచికకు పాత సంగతులు రాసి పంపమని కార్యవర్గ మిత్రులు కోరారు. పే రివిజన్ల గురించి, సమ్మెల గురించి రాయగల పెద్దలు మన సంఘంలో చాలామందే ఉన్నారు. అందుచేత నేను ఇంటికీ ఆఫీసుకూ మధ్యనున్న రోడ్డు గురించి రాద్దామనుకున్నాను. 1974లో ఉద్యోగంలో చేరి 2008లో పదవీ విరమణ చేశాను. అందులో 29 ఏళ్లు శ్రీనగర్ కాలనీ నుంచే సైఫాబాదు వైపు రాకపోకలు సాగించాను. బస్సు కోసం నిలబడడంతో కలిపి రోజుకు రెండు గంటలు, ఏడాదికి 270 పనిదినాలు అని లెక్క వేసుకుంటే పదిహేను వేల గంటలు దాటాయి. అంటే రాత్రీ పగలూ కలిపి సుమారు 650 రోజులు రోడ్డు మీదే గడిచాయన్నమాట. మనలో ప్రతి ఒక్కరి లెక్కా ఇంచుమించు ఇలాగే తేలుతుంది.

ఊరంతా ఒకే వేళకు బయల్దేరితే ఎంత పెద్ద రోడ్డయినా ఇరుకే. దీనికి మనుషులు రెండు ఉపాయాలు చేస్తూ వచ్చారు. ఒకటి రోడ్డును పెంచడం, రెండోది వేళను మార్చడం. రెండో ఉపాయం కొత్తదేమీ కాదు. రెండు వేల ఏళ్లకు పూర్వమే రోము నగరంలో జూలియస్ సీజర్ కాలపు చట్టం పగటిపూట బండ్లను చాలావరకు నిషేధించింది. పగలు వీధులు నడవడానికి వీలయ్యాయి గాని, బండ్లన్నీ రాత్రికి మళ్లాయి. ఆ చప్పుడుకు నిద్ర పట్టడం లేదని తరువాతి కాలపు కవి జువెనల్ వాపోయాడు. ఒకరి సుఖం కోసం వేళ మారిస్తే ఆ భారం మరొకరి మీద పడుతుందని అప్పుడే తేలిపోయింది. ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి.

మన నగరం ముందు మొదటి ఉపాయాన్నే నమ్ముకుంది. 1908 మూసీ వరదల తరువాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ పాత వీధులను వెడల్పు చేసింది. 1932 జూన్‌లో నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. అదే 1951లో హైదరాబాదు ప్రభుత్వ శాఖగా మారి, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయింది. సికిందరాబాదు నుంచి ట్యాంక్‌బండ్ మీదుగా వెళ్లే డబుల్ డెక్కరు బస్సులో పై అంతస్తు ముందు సీటు కోసం మన పిల్లలు ఎంత పోట్లాడేవారో తల్లులకు జ్ఞాపకముంటుంది. 2003 నాటికి అవి ఆగిపోయాయి. 2023లో విద్యుత్తుతో నడిచేవి మళ్లీ కనిపించాయి.

నేను 1979లో శ్రీనగర్ కాలనీలో ఒక పోర్షను అద్దెకు తీసుకున్నాను. కాలనీ రోడ్డు ఒక కొస పంజాగుట్ట వైపు, మరో కొస ఎల్లారెడ్డిగూడ, యూసఫ్‌గూడల వైపు ఉంటుంది. పంజాగుట్ట చేరితే అక్కడి నుంచి ఎర్రమంజిల్, ఖైరతాబాదు మీదుగా సైఫాబాదు. దూరం ఆరేడు కిలోమీటర్లకు మించదు. అయినా తొమ్మిదిన్నర, పదిన్నరల మధ్య ఆ దూరం దాటడం ఒక పరీక్షే. మా ఆఫీసులో మూడు ఆలస్యాలకు ఒక సి.ఎల్. పోయేది. హాజరుపట్టీ సూపరింటెండెంటు గారి గదిలోకి వెళ్లకముందే సంతకం పడాలి. ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో వేలాడిన వాళ్లందరూ ఆ ఒక్క సంతకం కోసమే వేలాడారు.

దీన్ని తప్పించుకోవడానికి ఎవరి పద్ధతి వారికుండేది. నేను ఎనిమిదిన్నరకే అన్నం తిని బయల్దేరేవాణ్ణి. తొమ్మిదింబావుకల్లా ఆఫీసు చేరి పేపరు చదువుకునేవాణ్ణి. మా సెక్షనులో ఒకాయన ఎదురు దిశ బస్సెక్కి, అది బయల్దేరే చోటిదాకా వెనక్కి వెళ్లి, సీటు సంపాదించుకుని వచ్చేవాడు. సాయంత్రం ఐదు గంటలకు లేచిపోకుండా ఆరున్నర దాకా క్యారమ్స్ ఆడుతూ కూర్చునేవారు మరికొందరు. చూసేవారికి అది కాలక్షేపం, ఆడేవారికి బస్సులో చోటు.

అయితే ఈ పద్ధతులు ఎవరికి సాధ్యమయ్యాయి? మా టైపిస్టు ఒకామె ఇద్దరు పిల్లలకు క్యారియర్లు కట్టి బడికి పంపి, అత్తగారికి మందు వేసి, తొమ్మిదింబావుకు గాని గడప దాటలేకపోయేది. ముందు బయల్దేరే వీలు లేదు, సాయంత్రం ఆగే వీలు అంతకన్నా లేదు. అటెండర్లు మాకంటే ముందే వచ్చి గదులు తెరవాలి, అధికారి వెళ్లేదాకా కదలకూడదు. వేళ మార్చుకోగలగడం కూడా ఒక హోదాయేనని నాకు అక్కడే తెలిసింది. నేను తొందరగా చేరి పేపరు చదువుకోగలిగానంటే, ఇంట్లో ఒకరు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి పొయ్యి వెలిగించారు గనుకనే.

తరువాత నగరం పెరిగిన తీరు మీకు తెలిసిందే. 1981 జనగణన నాటికి సుమారు 25 లక్షలున్న నగర ప్రాంత జనాభా 1991కి 43 లక్షలకు, 2011కి 75 లక్షల పైకి చేరింది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోచింగు సెంటర్లు వెలిసి, పొద్దున్నే క్లాసులకు వచ్చే కుర్రకారుతో అక్కడ తెల్లవారకుండానే రద్దీ మొదలయ్యేది. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించారు. క్రమంగా రద్దీ దిశే మారిపోయింది. మా కాలంలో పొద్దున జనమంతా తూర్పుకు, సచివాలయం, ఆబిడ్స్, కోఠీల వైపు వెళ్లేవారు. మా పిల్లల కాలానికి పడమటికి, మాదాపూరు వైపు మళ్లారు. మా కాలనీ రెండు ప్రవాహాలకూ నడుమ నిలిచింది.

రోడ్లు పెంచే పని కూడా జోరుగానే సాగింది. 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు వచ్చాయి. పంజాగుట్టలో ఫ్లైఓవరు లేచింది. 2017 నవంబరు 28న మెట్రో రైలు ప్రారంభమై మియాపూరు, నాగోలు మధ్య అమీర్‌పేట మీదుగా నడిచింది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్.బి. నగర్‌కు, 2019 మార్చిలో హైటెక్ సిటీకి పొడిగించారు. రెండు మార్గాలు కలిసే అమీర్‌పేట స్టేషనులో సాయంత్రం ఆరు గంటలకు మెట్లెక్కి చూడండి. పాత ఫుట్‌బోర్డు రోజులు గుర్తుకొస్తాయి, చల్లగాలి ఒక్కటే తేడా.

రోడ్డు పెంచినకొద్దీ జనం పెరుగుతుంటే ప్రపంచంలో చాలా నగరాలు మళ్లీ వేళ వైపు చూశాయి. 1970లో న్యూయార్కు దిగువ మన్‌హట్టన్‌లో ఆఫీసు వేళలను విడివిడిగా జరిపే ప్రయత్నం చేశారు. సింగపూరులో 1975 జూన్ నుంచి ఉదయం ఏడున్నర, తొమ్మిదిన్నరల మధ్య నగరం నడిబొడ్డుకు వచ్చే కార్లకు రోజుకు మూడు డాలర్ల రుసుము పెట్టారు. నలుగురు కలిసి వస్తే రుసుము లేదు. జనం తొమ్మిదిన్నర దాటాక రావడం మొదలుపెట్టడంతో రెండు నెలలకే గడువును పదింబావు దాకా పొడిగించవలసి వచ్చింది. లండనులో 2003 ఫిబ్రవరి నుంచి ఇలాంటి రుసుమే ఉంది.

మన ఊళ్లోనూ ఆ ప్రయోగం జరిగింది. 2023 జూలైలో కుండపోత వానలు పడినప్పుడు సైబరాబాదు పోలీసులు సాఫ్ట్‌వేరు కంపెనీలను ప్రాంతాలవారీగా విభజించి, ఒక వరుస మూడు గంటలకు, మరొక వరుస నాలుగున్నరకు, ఇలా విడతలుగా ఉద్యోగులను ఇళ్లకు పంపమని కోరారు. అదే ఏడాది మెట్రో వారు ఉదయం ఎనిమిదికి ముందు, రాత్రి ఎనిమిది తరువాత ప్రయాణించే కార్డుదారులకు కొంతకాలం పది శాతం తగ్గింపు ఇచ్చారు. మంచి ఆలోచనలే. కాని అవి కూడా వేళ మార్చుకోగల వారికే అక్కరకు వస్తాయి. నాలుగిళ్లలో పనిచేసే అమ్మాయికి, ఆసుపత్రి నర్సుకు, సెక్యూరిటీ గార్డుకు వేళను నిర్ణయించేది వేరొకరు.

ఇక మన సంగతి. మనం హాజరుపట్టీ నుంచి విముక్తులం. వేళ మన చేతిలో ఉన్నది జీవితంలో బహుశా మొదటిసారి. బ్యాంకు పని, బంధువుల పరామర్శ, మందుల కొనుగోలు వంటివి పదకొండు, నాలుగు గంటల మధ్య పెట్టుకుంటే మన మోకాళ్లకూ మంచిది, ఉద్యోగానికి పరుగెత్తే పిల్లకు ఒక సీటూ దొరుకుతుంది. లైఫ్ సర్టిఫికెట్ కోసం వరుసలో నిలబడే అవసరాన్ని 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ పద్ధతి చాలామందికి తప్పించింది. ఇప్పటికీ తెలియనివారికి తెలిసినవారు చేసిపెట్టాలి.

ఒక్క ఆసుపత్రి విషయంలో మాత్రం మన వేళ మన చేతిలో లేదు. ఓ.పి. చీటీలు పొద్దున్నే ఇస్తే డెబ్బై అయిదేళ్ల మనిషి కూడా రద్దీలోనే బయల్దేరాలి. వృద్ధులకు పదకొండు తరువాత కొన్ని చీటీలు కేటాయించాలని మన సంఘం ఆసుపత్రుల వారికి వినతిపత్రం ఇవ్వాలని నా ప్రతిపాదన. అలాగే మన నెలవారీ సమావేశాన్ని సాయంత్రం ఐదు నుంచి ఉదయం పదకొండున్నరకు మార్చాలని కోరుతున్నాను. రాలేకపోతున్న సభ్యులు చాలామంది రాగలుగుతారు, వారిని తోడ్కొని వచ్చే కోడళ్లు, కొడుకులు కూడా సాయంత్రం సకాలంలో ఇల్లు చేరతారు.