సయ్యద్ అబ్దుల్ రహీం

సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963): హైదరాబాద్‌కు చెందిన ఫుట్‌బాల్ శిక్షకుడు, భారత జట్టు కోచ్. అందరికీ ‘రహీం సాబ్’. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ అక్కడి జట్టుకు ఆడారు; తర్వాత బడిపంతులయ్యారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. ఆయన శిక్షణలో సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. బలహీనమైన కాలితోనే బంతి తన్నాలన్న నియమంతో ఆయన పోటీలు పెట్టించేవారు. రెండు కాళ్లూ పదునెక్కించే ఇంత సూటి మార్గం మరొకటి లేదు.

ఆయన కోచ్‌గా భారత జట్టుకు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1తో ఘోర పరాజయం. నాలుగేళ్లకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరి, భారత్ నాలుగో స్థానంలో నిలిచింది.

ఆయన జీవితంలో శిఖరం 1962 జకార్తా ఆసియా క్రీడలే. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్ పీడిస్తోంది. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా ఆడించారు. ఎంత తెగువ! సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాపై ఫైనల్లో పి.కె. బెనర్జీ, జర్నైల్ చెరో గోల్ చేశారు; 2–1తో స్వర్ణం దక్కింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ ఆ తర్వాత మళ్లీ స్వర్ణం గెలవలేదు. రహీం 1963 జూన్‌లో కన్నుమూశారు. కుమారుడు ఎస్.ఎస్. హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు.